మా అన్న కథలను తిన్న ఆకు

"అమ్మమ్మా, గంజాయి శివుడికి ఇష్టమైన ఆకు అంటరు, నిజమేనా? ఫోన్ల ఏదో వీడియో వచ్చింది."

ఫోన్ల వచ్చిందా. నేను మా అన్న నోట విన్న బిడ్డా, నీ ఫోను పుట్టకముందే. మా పెద్దన్న మల్లేశం, మీ అమ్మకు మేనమామ, నువ్వు సూడలే. మేం కురుమోళ్లం గదా, మా అన్న ఒగ్గు కథ చెప్తుండె. ఒగ్గు, గదే చిన్న డమరుకం, చేతులవట్టి మల్లన్న పెండ్లి ఎత్తుకున్నడంటే పొద్దు గూకినా ఎవలు లేవకపోదురు. ఈ నార్సింగిల ఒక్కతాన్నే గాదు, కోకాపేట, మణికొండ, అంతటికెల్లి పిలుస్తుండ్రి. అప్పుడు గివన్ని ఊర్లే. జొన్న చేన్లు, రాళ్ల గుట్టలు.

గీ బాల్కనీలకెల్లి అద్దాల బిల్డింగు కనబడతలేదా, అగో, దాని ఎన్క... కాదు కాదు, దాని జాగలనే గుట్ట ఉండె. గా గుట్ట కింద ఒక గోసాయి, ఊర్లు తిరిగే సన్నాసి, వచ్చి కూసున్నడు. యాడికెల్లి వచ్చిండో ఎవలకు ఎర్క లేదు. సగం ఉర్దూ, సగం తెలుగు మాట్లాడుతుండె. మా అన్న గొర్లను అటే తోలుకపోయెటోడు. కథలంటే పానం గదా, పోయి ఆయన కాడ కూసుండెటోడు.

గోసాయి ఏం చెప్పిండంటే, దేవుళ్లు రాచ్చసులు పాలసముద్రం చిలికితే ముందుగాల ఇసం వచ్చింది. శివుడు మింగిండు. గొంతు కాలిపోతుంటే పార్వతమ్మ గీ ఆకు నూరి తాపిచ్చిందట, సల్లబడ్డదట. తర్వాత అమృతం వచ్చినంక ఒక సుక్క జారి భూమ్మీద పడ్డది, అప్పటిదాక దేవుళ్ల కాడనే ఉన్న చెట్టు గట్ల మన తాన మొలిచిందట. ఇంకోటి గూడ చెప్పిండు... ఆగు, అది గోసాయి గాదు, దర్గా కాడి ఫకీరు చెప్పిండు, నేనే కలుపుతున్న. ఒక పీరు గుట్ట మీద ఒక్కడే ఉండెనట, ఎన్నడు నవ్వకపోవునట. మిట్టమధ్యాహ్నం గాలి లేదు, ఒక్క కొమ్మ కదలదు, గీ చెట్టొక్కటే ఊగుతుంది. ఆకు తెంపి తిని, నవ్వుకుంట గుట్ట దిగొచ్చిండట.

సక్కగున్నయి గదా కథలు? మా అన్న నోట ఇంకా సక్కగుండె. పీరు నవ్వు నవ్వి సూపిస్తే మా అమ్మ రొట్టెలు చేసుడు ఆపి నవ్వుతుండె.

ఇగ మా అన్న గూడ గోసాయి తీర్గ చిలుం వట్టిండు. "నేను దేవుని కథ చెప్పెటోన్ని, దేవుని ఆకు తాగితే తప్పేంది చెల్లె?" అన్నడు. నిజం చెప్పాలంటే, మొదట్ల అందరు గొంతు పెరిగిందనే అన్నరు. మా వదిన లచ్చవ్వ ఒక్కతే, "శివుడు లోకం కోసం ఇసం మింగిండు. నువ్వేం మింగినవని నీకు ఆకు?" అన్నది. ఆమె మాట ఎవలిన్నరు.

తర్వాత ఎన్నేండ్లకో, యాదికి లేదు, పక్కూర్ల ఒకరింట్ల కథ పెట్టిచ్చిండ్రు. వాకిలి నిండ జనం. "మల్లన్న గుర్రమెక్కిండు" అన్నడు మా అన్న. ఆగిండు. మళ్ల "గుర్రమెక్కిండు" అన్నడు. ఒగ్గు కొడుతనే ఉన్నడు, మాట వస్తలేదు. జనం ముందు అది గూడ కథల ఆటనే అనుకున్నరు. పక్కన డోలు కొట్టెటాయన మెల్లగ, "తర్వాత ఏరు దాటుతడు గదనే" అని అందిచ్చిండు. మా అన్న ఆయన దిక్కు సూసి, "నా కథ ఎందుకు దొంగతనం చేస్తున్నవు?" అని లేశి మీదికి పోయిండు. ఆ కండ్లల్ల మా అన్న లేడు బిడ్డా.

గప్పటి సంది గోడ ఎన్క ఎవలో తన కథ చెప్తుండ్రని చెవి వెట్టి వింటుండె. బువ్వ తినకపోతుండె. లచ్చవ్వ, నేను పట్నం దవాఖానకు తోల్కపోయినం. డాక్టరమ్మ మంచిది. "అందరికి ఇట్ల కాదమ్మా, కొందరికి పడదు. ఈయనకు పడలే" అన్నది. ఆకు మానిపిచ్చింది, మందులిచ్చింది. గోడ చప్పుడు పోయింది. మళ్ల మంద కాసిండు, చేను చేసిండు, సంసారం చేసిండు. కథ మాత్రం రాలే. ఎవలన్న పిలిస్తే, "గొంతు బాగలేదు" అని పంపిస్తుండె. గొంతు మంచిగనే ఉండె.

మా ఇండ్లల్ల ఇప్పుడు గా కథ పూర్తిగ ఎవలకు రాదు. నాకు ముక్కలు ముక్కలు యాదికొస్తయి, అతకవెడితే అతకవు. మా అన్న ఉన్నడు గదా, ఎప్పుడన్న నేర్చుకోవచ్చు అనుకున్నరు పోరగాండ్లు.

మా అన్నకు ఆఖరి ఏడాది, బోనాలప్పుడు వాకిట్ల కుర్చీ ఏసి కూసోబెట్టినం. డోళ్లు వస్తున్నయి. జరసేపు విని, "గా కొసకున్నోడు మంచిగ కొడుతుండు, ఎవలే చెల్లె?" అన్నడు.

"నీ కొడుకే అన్నా."

ఇంక జరసేపు విన్నడు. "వానికి కథ వస్తదా?"

ఎట్ల వస్తది? నేర్పెటోనికే కథ పోయె. గని గా మొఖం సూసి ఎట్ల చెప్తవు. "వస్తదన్నా. మంచిగ చెప్తడు" అన్న. తలూపిండు. పానం పొయ్యేదాక గదే మాట మీద నిమ్మలంగుండె.

ఏమో బిడ్డా... నీకేదో మీటింగు ఉన్నదంటివి గదా, పో. సల్లగుండు. నీ మతి నీకాడ ఉండాలె, నీ మాట నీ నోట్ల పదిలంగుండాలె. పో తల్లీ.