నీలం సుక్క

కాదు అర్జునరావూ, నాను అడిగీది ఒక్కటే. ఇంట్లో ముగ్గురం ఉన్నాం, ఫోన్లు మూడు ఉన్నాయి. మరి మెయిలు మాత్రం ముగ్గురికీ కలిపి ఒకటే ఎట్టడానికి నీకు సెయ్యెలాగొచ్చింది? ముగ్గురి మొకానా ఒక్క పళ్ళ బ్రష్షు పడీసినట్టు.

ఏటి, ఆ రోజు షాపు నిండా జనం ఉన్నారా. అందుకనీసి తొందరలో సేసీసినావా. పాస్‌వర్డు కూడా ఈది మొత్తానికి ఒకటేనంట కదా, నీ షాపు పేరు, ఎనకాల ఒకటి రెండు మూడు. దొంగోడికి ఎంత సుకమో.

నవ్వకు. ఇది పది నిమిషాల్లో అయ్యీ పని కాదంతావా, అయితే ఆ కుర్చీ ఇలా లాగు, కూకుంతాను. ఒంటిగంట దాకా నాకు ఇంకో పని నేదు.

ఇన్నాళ్ళు ఓర్సుకున్నాం తమ్ముడూ. మా శ్రీవల్లి మధురవాడ హాస్టల్లో ఉండి సదువుతంది కదా, ఆ గుంట లిప్‌స్టిక్ సూత్తే వాళ్ళ నాన్న ఫోన్లో లిప్‌స్టిక్ వచ్చీది. ఆయన మోకాళ్ళ నూనె సూత్తే పిల్లకి మోకాళ్ళ నూనె. నాను ఒకసారి కుంకుడుకాయల రేటు అడిగినానని మిగతా ఇద్దర్నీ వారం రోజులు నీ జుత్తు ఊడిపోతందా, నీ జుత్తు ఊడిపోతందా అని సంపీసింది. నవ్వుకున్నాం, ఊరుకున్నాం.

ఇయ్యాల పొద్దున్న మాత్రం నవ్వు రానేదు.

మా ఇంటాయన ఇడ్లీ తింతూ ఫోను తెరిచినాడు. మొదట వచ్చింది ఏటో తెలుసా? ‘ఉద్యోగం పోయిందా, దిగులు పడకండి, మా కోర్సులో చేరండి’. దాని ఎనకాల భుజం నొప్పికి తైలం. దాని ఎనకాల రుషికొండలో సముద్రం ఎదురుగా గది, తక్కువ రేటు. మూడూ వరసగా వచ్చినాయి. సెట్నీలో ముంచిన ఇడ్లీ ముక్క సేతిలో అలాగే ఉండిపోనాది.

“తాయారూ, నా సంగతులన్నీ ఎవుడో ఈ ఫోనుకి సెప్తన్నాడే” అన్నాడు.

“ఏ సంగతులు?” అన్నాను.

“ఏటీ నేదులే” అన్నాడు.

అనీసి లేచి అద్దం కాడికెల్లి, నాను అంటించుకున్న బొట్టుబిళ్ళలు రెండు పీకి, ఫోను కెమెరాలకి ముందొకటి ఎనకొకటి అంటించీసినాడు. ఇప్పుడు మా ఆయన ఫోను ముత్తైదువ.

అక్కడితో ఆగినాడేటి? వాళ్ళ బావ మోహనకృష్ణకి పొద్దున్నే ఫోన్ సేసి లేపినాడు. ఆ పెద్దమనిషి ఏటన్నాడు, ‘బావా, ఇది గవర్నమెంటు పనే, ఫోను ఫోనుకీ ఒక సెవి ఎట్టినారు, స్టీలు డబ్బాలో ఎట్టి గట్టిగా మూతెయ్యి, ఇంక సిగ్నలు దొరకదు’ అన్నాడు. అంతే. మా ఆయన క్యారేజీలో పై గిన్నె ఖాళీ సేయించీసినాడు. పెరుగు తీసి గట్టు మీద ఎట్టి, ఆ గిన్నెలో ఫోను ఎట్టి, మూతేసి, క్లిప్పు బిగించి, ఎలిపోనాడు. పెరుగు నేకుండా అన్నం తింతాడు ఇయ్యాల.

గవర్నమెంటంటే నమ్మకుండా ఎలా ఉంతాం, నువ్వు సెప్పు. రేషనుకి ఏలిముద్ర, పింఛనుకి మొకం. సర్వేకొచ్చినోడు మీ ఇంట్లో ఫ్యాన్లెన్ని మిక్సీలెన్ని అని లెక్కెట్టుకొని పోతాడు. కూడలి కూడలికీ కెమెరా. మన పెద్దోలు గుమ్మానికి గుమ్మడికాయ ఎందుకు కట్టినారు? మనమీద ఒకడి సూపు అదే పనిగా పడకూడదనే కదా. ఇప్పుడు గుమ్మడికాయ గుమ్మం మీదే ఉన్నాది, సూపులేమో జేబులో ఎట్టుకొని తిరుగుతన్నాం.

కానీ ఈ ఒక్క యవ్వారంలో గవర్నమెంటు ఏ పాపం ఎరగదు తమ్ముడూ. పొద్దున్న ఆయన దాన్ని నోటికొచ్చినట్టు తిడతంటే నాను గిన్నెలు తోముతా ఊరుకున్నాను. తిట్లు దానికి అలవాటే కదా అని.

ఫోనుకి సెప్పీసింది నానే.

నాకు అందులో రాయడం రాదు, మైకు బొమ్మ నొక్కి మాట్లాడమని నువ్వే కదా నేర్పినావు. నొక్కినాను, మాట్లాడినాను. నాను నా ఫోన్లో అడిగితే అది ఆయన ఫోన్లోకి ఎల్లి జవాబు సెప్తాదని నాకేటి తెలుసు? అందుకే వచ్చినాను. నాను అడిగినవన్నీ తుడిసీ. ఎల్లుండి ఆదివారం శ్రీవల్లి ఇంటికొత్తంది. ‘నా ఫోన్ని ఎవుడు సూత్తన్నాడో కనిపెట్టమ్మా’ అని వాళ్ళ నాన్న దానికి అప్పుడే సెప్పీసినాడు. అది తెలివైన గుంట, రెండు నిమిషాల్లో బయటికి లాగీసి నాన్న సేతిలో ఎడతాది.

ఏటి, సూడకుండా తుడవడం అవ్వదా? సరే, సూడు. మనసులో సదువుకో, బయటికి సదవకు.

అదేటి. అది నా గొంతు కదా. నా గొంతు కూడా దాసుకున్నాదా ఇది? ఆపు, ఆపు తమ్ముడూ, ఆ కవరు కొనీ అబ్బాయి సెవొగ్గి ఇంతన్నాడు.

...ఎల్లిపోనాడా. సరే.

ఇనీసినావు కదా. ‘క్రేను పని పోయినోడికి ఇంకేటి పని దొరుకుతాది’. ‘బస్తాలు మోసి భుజం వాసిపోతే ఏటి రాయాల’. ‘మొగుడు అబద్ధం ఆడతన్నాడని తెలిసినా తెలీనట్టు ఎలా ఉండాల’. దానికి గూగులు ఏటో వంట వీడియో సూపించింది, పనికిమాలింది. ఇంక ఆ ఆఖరిది ఉంది సూడు, అది మాత్రం నా ఎదురుగా మళ్ళీ సదవకు. రుషికొండ కాడ సముద్రం లోతెంత అని అడిగినాను. దానికి గది అద్దెకిత్తామని జవాబొచ్చింది, మా ఆయనకి.

అవును. మా ఆయన రమణమూర్తికి పని పోనాది. నాలుగు నెల్లయింది.

పోర్టు కాడ యార్డులో, కాంట్రాక్టరు కింద, ఇరవైరెండేళ్ళు క్రేను నడిపినాడు. పైన గాల్లో కూకొని రెండు సేతులతో కంటైనర్లు ఎత్తి దింపినోడు. ఎందుకు తీసీసినారో నాకు తెలీదు. ఆయన సెప్తే కదా తెలిసీది.

ఎవులు సెప్పినారంటావా? బకెట్టు సెప్పింది. ఇరవైరెండేళ్ళు ఆయన సొక్కా జాడిస్తే నీళ్ళు నల్లగా దిగీవి, బొగ్గు దుమ్ము. ఒకరోజు తెల్లగా దిగినాయి. మర్నాడూ తెల్లగానే. సెలవేమో అనుకున్నాను, కానీ మనిషి రోజూ ఆరింటికి టిఫిను తిని, పసుప్పచ్చ యార్డు టోపీ ఎట్టుకొని, క్యారేజీ తగిలించుకొని షిఫ్టుకెలతన్నానని సెప్పి మరీ ఎలతన్నాడు. వారం తిరిగినాక బకెట్లో ఉల్లిపొట్టు తేలింది. మీ గూగులు కన్నా నా బకెట్టే ముందు సెప్పింది.

తర్వాత గవర్నమెంటు సెప్పింది. జ్ఞాపకముందా, నాకు చలానా మెసేజీ వచ్చిందని, దొంగ లింకేమోనని బయమేసి నీ దగ్గరికి తెచ్చినాను. బండి కొన్నప్పుడు నా నంబరు ఇచ్చినాం కదా, అందుకే నాకొచ్చింది. నువ్వే తెరిచి సూపించినావు. రుషికొండ రోడ్డు, పదకొండుంపావు, హెల్మెట్ నేదు. బండి మీద మా ఆయన, నెత్తి మీద యార్డు టోపీ, ముందు కొక్కేనికి నా క్యారేజీ. ఆ టోపీ బండికి సెల్లదంట. నువ్వు నవ్వినావు, నానూ నవ్వినాను. ఫొటో ఎంత బాగా పడిందో అన్నాను.

అప్పుడే కదా, బండి ఎవుడైనా ఎత్తుకుపోతే ఎతుక్కోడానికి ఆయన ఫోను ఎక్కడుందో నా ఫోన్లో కనపడీలా ఎట్టమన్నాను. బండి కోసం కాదు తమ్ముడూ. ఆ అబద్ధానికి నువ్వు టీ కూడా తెప్పించినావు.

అప్పట్నుంచి నా బతుకంతా మ్యాపులో ఆ నీలం సుక్కే. ఆరున్నరకి పూర్ణా మార్కెట్. ఒకరోజు కూరలు కొనీ వంకతో ఎల్లి సూసినాను. ఉల్లిపాయల బస్తా భుజం మీదుంది, తల కిందికుంది, నన్ను సూడనేదు. యాభైరెండేళ్ళ మనిషి. పదిన్నరకి సుక్క అక్కడ బయల్దేరి రుషికొండ ఎల్లిపోతాది. ఎందుకంత దూరం అంటే, మన మల్కాపురం మనిషి పనిదినం నాడు అక్కడికి ఒక్కడూ రాడు. తెలిసినోల కళ్ళు పడవు. ఆ రాళ్ళ మీద కూకుంతాడు, ఒంటిగంటకి అన్నం తింతాడు, మూడున్నరకి షిఫ్టు దిగినట్టు ఇంటికొత్తాడు. ఒకటో తారీకున జీతమని సేతిలో ఎడతాడు, తీసుకుంతాను.

అడగొచ్చు కదా అంతావా. ఏటని అడగాల? పొద్దున్న గుమ్మం దిగినప్పుడు ఆ నడుం సూడాల నువ్వు, నిటారుగా ఉంతాది. ఆ ఒక్క అబద్ధం పట్టుకొని నిలబడి ఉన్నాడు మనిషి. నాకు తెలిసిపోనాదని తెలిస్తే ఆ రోజే ముసలోడైపోతాడు. కాబట్టి నాకేటీ తెలీదు. క్యారేజీలో ఒక ముద్ద ఎక్కువెడతాను, రాత్రి భుజానికి నూనె రాత్తాను, ‘ఆ క్రేను సీటు మార్పించమనండి’ అంతాను. ‘అడుగుతాన్లే’ అంతాడు.

పోయిన నెల్లో ఒకరోజు ఆ సుక్క నీళ్ళలో ఉంది.

నీలం మీద నీలం. ముందు కనపడనేదు. తర్వాత ఏళ్ళతో సాగదీసి సూత్తే ఒడ్డుకి ఇవతల నేదు, సముద్రంలో ఉంది, కదలడం నేదు. పొయ్యి మీద పాలు ఒగ్గీసి ఆటో ఎక్కీసినాను. దారంతా ఆటో అబ్బాయిని ఇంకా తొందరగా, ఇంకా తొందరగా అని సంపీసినాను. అప్పుడే తమ్ముడూ, ఆటోలోనే ఆ లోతెంత అన్నది అడిగినాను. ఎందుకడిగినానో నాకే తెలీదు.

ఎల్లి సూత్తే ఏటుంది? రాళ్ళ మీదే కూకొని ఉన్నాడు. పక్కన ఒక కుక్క. సేప ముళ్ళు దానికేసి, ఏటో సెప్తన్నాడు. దూరంగా ఓడ ఒకటి ఎలతంది. దాన్ని సూత్తా రెండు సేతులూ గాల్లో కదుపుతన్నాడు, క్రేను కర్రలు పట్టుకున్నట్టు. ఎత్తతన్నాడు, తిప్పతన్నాడు, దింపతన్నాడు. నీ మ్యాపు ఆయన్ని వంద గజాలు లోపలికి ఎట్టింది, అంతే. ఆ సుక్కకి ఈత వచ్చు, మా ఆయనకి రాదు.

బండి ఎనకాల నిలబడి కాసేపు ఏడిసి, అదే ఆటోలో ఇంటికొచ్చీసినాను. పాలు మాడిపోనాయి.

ఇప్పుడు టైమెంత? ఒంటిగంటకి ఇంకా ఐదు నిమిషాలుందా.

సరే, దాసడం దేనికి. మెయిలు రేపయినా మార్పించుకుందును. పొద్దున్న ఆరు నుంచి సుక్క నేదు తమ్ముడూ. మా ఇంటి కాడే ఆగిపోనాది. క్యారేజీ మూత బిగించినాడు కదా, అందుకే అని నాకు తెలుసు. తెలిసినా ఇంట్లో కూకోనేకపోనాను. పొద్దున్న ఆ మొకం సూసినాను కదా. ఎవుడికో తెలిసిపోనాదని బయపడిన మొకం అది. ఆ మొకంతో రాళ్ళ కాడికెల్లినాడు.

ఏటీ? మళ్ళీ సెప్పు. ఎవులి మెయిలు ఆళ్ళకి ఇడగొట్టీస్తే ఈ సుక్క కూడా పోతాదా?

పోతాదా. అలాగైతే... ఆగు. సేతులు తియ్యి దానిమీంచి. ఒక్క నిమిషం ఏటీ నొక్కకు.

అదిగో. కదిలింది. సూడు, గుండ్రంగా తిరుగుతంది. వచ్చింది. రుషికొండ. ఒంటిగంటా రెండు. క్యారేజీ ఇప్పినాడు, మూత తీసి పై గిన్నె పక్కనెట్టినాడు. అడుగు గిన్నెలో ఎండుసేపల కూర ఎట్టినాను, ఎతుక్కొని తింతాడు.

సముద్రంలో సూపిత్తందా? ఎంత లోపల? పోన్లే, దానికదే అలవాటు.

నీళ్ళు ఇయ్యి ఒక గుక్క.

ఇదిగో, నా మాటలన్నీ తుడిసీ, నా గొంతుతో సహా. ఇంక ఆ మైకు జోలికి నాను పోను, ఒట్టు. కానీ మెయిలు ఒకటే ఉంచు. ఉండనీ. లిప్‌స్టిక్కులు వత్తే రానీ, నూనెలు వత్తే రానీ. ఆ సుక్క ఒక్కటీ నాకు ఒగ్గీ.

తెలుసు, తెలుసు, నువ్వనక ముందే నాకు తెలుసు. ఆయనకి సెప్పకుండా ఆయన ఎనకాల కన్నేసి ఉంచడం తప్పే. నీ మంచికేనమ్మా సూత్తన్నాం అని గవర్నమెంటోడు అంతే ఇన్నాళ్ళు నవ్వినాను. ఇప్పుడు నా మాటా అదే. ఏటి సేత్తాం, సుక్క కనపడితే గానీ నాకు ముద్ద దిగదు.

ఇటియ్యి ఫోను. నువ్వు సూడకు, తినీ మనిషిని పరాయోలు సూత్తే దిష్టి తగుల్తాది.

నాను సూత్తే తగలదేటి అంతావా? ఎందుకు తగలదు, అందరికన్నా ముందు నాదే తగుల్తాది. సాయంత్రం ఇంటికొచ్చినాక ఉప్పూ మిరపకాయలూ దిగదుడిసి పడీస్తాను. ఎందుకే ఇప్పుడిది అని అడుగుతాడు. గవర్నమెంటు దిష్టి అని సెప్తాను.