అరక్షణం ఆలస్యం

వంటింటి పక్క గదిలో, పాత కంప్యూటర్ ముందు కూర్చుని ఆయన దాన్ని నడిపించే కొత్త లినక్స్ సిస్టమ్ ఎక్కించబోతున్నాడు. ఇంట్లోనే పాటలు పాడి రికార్డు చేసుకునే భార్య గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

“ఉన్న లినక్స్ బాగానే ఉందిగా, మళ్ళీ ఇదెందుకండీ?”

“అది చూడ్డానికి సోకు. ఇది రికార్డింగు కోసమే చేసింది. పాడిన పాట పాడినట్టే హెడ్‌ఫోన్లో వినిపిస్తుంది.”

“నేను పాడటం మానేసి మూడు నెలలైంది. వయసైపోయింది, తాళం తప్పుతోందని చెప్పాగా.”

“గిన్నెలు తోముతూ పాడితే తప్పడం లేదే?”

“అక్కడ వినేదెవరు?”

“నేను. వారం రోజులుగా తలుపు చాటున నిలబడి తాళం వేస్తున్నా. ఒక్క దెబ్బ తప్పలేదు.”

“దొంగచాటుగానా! మరి మైకు ముందు ఎందుకు తప్పుతోంది?”

“నిన్న హెడ్‌ఫోను పెట్టుకుని మైకు ముందు చప్పట్లు కొట్టా. అరక్షణం ఆగి వినిపించాయి. నువ్వు దాని కోసం ఆగి పాడుతున్నావు, పాట జారిపోతోంది. వెనకబడింది కంప్యూటరు, నువ్వు కాదు.”

“ఆ లినక్స్ ఏరికోరి పెట్టింది మీరేగా?”

“నేనే. ఈ ముసలి కంప్యూటరు అంత సోకు మొయ్యలేదని తెలుసుకోలేకపోయా. చెంపలేసుకుంటున్నా.”

ఆవిడ లోపలికొచ్చి ఆయన పక్కన కూర్చుంది.

“మూడు నెలలు నీలో నువ్వే కుమిలిపోయావు. ఆ కంప్యూటర్ ఓసారి చూడమని ఒక్క మాట అనొచ్చుగా?”

“మీరు పెట్టిందాంట్లో తప్పుంటుందని నాకు తట్టలేదండీ.”