గ్రిమ్ బరువు

తండ్రి పోయిన ఏడాదికి, నార్వే తీరాన వాళ్ల పడవ కొట్టంలో, చేపలు తూచే కాటా మీద పిల్లిని కూర్చోబెట్టారు అక్కాతమ్ముళ్లు.

“గ్రిమ్ ఏడు కిలోలే ఉందక్కా. అప్పట్లో తొమ్మిది కదా?”

“తగ్గించమని పశువుల డాక్టరమ్మ మొత్తుకునేది. నాన్న వింటేగా.”

“‘నార్వే అడవి జాతి పిల్లి, అయిదేళ్ల దాకా ఎదుగుతుంది’ అనేవాడు.”

“అప్పటికే దానికి ఎనిమిదేళ్లురా.”

“పడవ దిగగానే చేప కార్జం ముందు దానికే. మనకి తర్వాత.”

“నీ పుట్టినరోజున కూడా అంతే.”

“ఇప్పుడేమంటుంది డాక్టరమ్మ?”

“బరువు సరిగ్గా ఉందంది. ఎలా తగ్గించారని మెచ్చుకుంది.”

“నువ్వేం చెప్పావు?”

“ఏం చెప్పను? ఎవరి పడవ చప్పుడైనా రేవుకి పరిగెడుతుంది. అందరూ దిగేదాకా చూసి, ఉత్త నోటితో తిరిగొస్తుంది.”