చిన్నల్లుడికి ఒక్కటి చాలు

"ఎన్నాళ్ళు చదువుతారు తాతయ్యా ఆ ఒక్క పుస్తకాన్నే?" అంటావేంటే. ఇట్లా వచ్చి కూర్చో. ముందు ఆ చెవిలోది తీసెయ్యి. ఏంటీ, రెండింతల స్పీడులో కథ వింటున్నావా? మీ రేపల్లె పెద్దతాతయ్య బతికుంటే నిన్ను చూసి మురిసిపోయేవాడు.

పందొమ్మిది వందల అరవై ఎనిమిది, జూన్ పద్దెనిమిది. పొద్దున్నుంచీ ముసురు. పెద్ద వానేం కాదు, కానీ తెనాలి స్టేషన్లో దిగి రిక్షా ఎక్కేసరికి నా తెల్లచొక్కా ఒంటికి అతుక్కుపోయింది. తేదీ అంత కచ్చితంగా ఎట్లా గుర్తుందంటావా? సిగ్గుపడిన రోజులు మర్చిపోం అమ్మడూ. సంతోషపడిన రోజులు చెప్పమను, మా పెళ్ళిరోజు కూడా మీ నాయనమ్మే గుర్తుచేసేది.

అప్పటికి మా పెళ్ళై నెలే. ఆషాఢం దగ్గరపడిందని రాజ్యాన్ని, అదే మీ నాయనమ్మని, పుట్టింట్లో దింపడానికి వెళ్ళాను. కొత్తకోడలు ఆషాఢంలో అత్తారింట్లో ఉండకూడదు, కొత్తల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. ఇప్పుడు మీరెవరూ పట్టించుకోరులే. నేను బాపట్లలో బీఏ చదివి, అక్కడే సహకార సంఘం ఆఫీసులో గుమాస్తాగా చేరాను. బీఏ అంటే అప్పట్లో మాటలా! మా మామగారు వీధిలో అందరికీ "మా చిన్నల్లుడు బీఏ" అని చెప్పుకునేవారు. అదే నా కొంప ముంచింది.

ఏం చెప్పబోయాను? ఆఁ, వాళ్ళింటికొచ్చే వారపత్రిక సంగతి. ఆ ఇంట్లో పత్రిక రావడమంటే పెళ్ళివారు వచ్చినట్టే. పావలాయో ఎంతో ఉండేది, సరిగ్గా గుర్తులేదు. ముందు మామగారు, తర్వాత అత్తగారు, ఆ తర్వాత ఆడపిల్లలు, అందరూ అయ్యాక గోడవతల సుభద్రమ్మగారు. ఆవిడ పక్కింట్లో ఉండేవారు. మొగుడు పోయాడు, ఒక్కడే కొడుకు, చిన్న ఉద్యోగం. పత్రిక కొనే స్తోమతు లేదు. ప్రహరీ గోడ మీద గడ్డం ఆనించి "అక్కయ్యగారూ, అయిందాండీ?" అని అడిగేవారు. అందరిదీ అయిపోయాక మామగారు సీరియల్ కాగితాలు జాగ్రత్తగా ఊడదీసి దాచేవారు. సీరియల్ పూర్తయితే అట్టవేసి కుట్టించేవారు. అట్లా ఒక బీరువా నిండా ఉండేవి.

కొత్తల్లుడు ఇంట్లో ఉంటే మాత్రం ఆ వరస మారిపోతుంది. ఆ రోజు పత్రిక రాగానే అత్తగారు తలుపు చాటునుంచి, "అల్లుడుగారికి ఇవ్వండి ముందు" అన్నారు. మామగారు కళ్ళజోడు అప్పటికే పెట్టుకుని ఉన్నారు పాపం. తీసేసి, పత్రిక నా చేతిలో పెట్టారు.

నేను నెమ్మదిగా చదువుతానమ్మా. చిన్నప్పట్నుంచీ అంతే. ఒక వాక్యం నచ్చిందంటే వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుకుంటా. పెదాలు కదుల్తాయి కూడా. పరీక్షల్లో ఎప్పుడూ ప్రశ్నాపత్రం పూర్తిగా చదివేలోపు పక్కవాడు రెండు జవాబులు రాసేసేవాడు. ఎట్లా పాసయ్యానో ఆ దేవుడికే తెలియాలి.

సీరియల్లో నిర్మల అని ఒక పిల్ల. అత్తింట్లో మాటలు పడలేక, పెట్టె సర్దుకుని కాలవ రేవుకొచ్చింది. పడవెక్కి కూర్చుంది. నీళ్ళు, ఒడ్డున తుంగ, ఆవిడ కాలికి అంటిన బురద, అంతా బాగా రాశాడు. ఆ బురద దగ్గరే నేను ఆగిపోయాను.

వసారాలో అందరూ నాకేసే చూస్తున్నారు. మామగారు రెండుసార్లు గొంతు సవరించుకున్నారు. అత్తగారు వంటింట్లోంచి వచ్చి వెళ్ళారు. గోడ మీద సుభద్రమ్మగారి తల కనపడింది, వానలో, నెత్తిన కొంగు కప్పుకుని. అప్పుడు మా తోడల్లుడు, అదే రేపల్లె పెద్దతాతయ్య, పడక్కుర్చీలోంచి, "ఏం తమ్ముడూ, అక్షరాలు లెక్కపెట్టి అప్పజెప్పాలా ఏంటి?" అన్నాడు. ఆయనకి రైసుమిల్లు. మధ్యాన్నం నవల పట్టుకుంటే దీపాలవేళకి అట్ట మూసేసేవాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, మిగిలిన పేజీలు చదువుతున్నట్టు చకచకా తిప్పేసి, "అయిపోయిందండీ" అని ఇచ్చేశాను. గుమ్మంలో నిలబడ్డ మీ నాయనమ్మ మొహం చూడాలి, వెలిగిపోయింది.

అక్కడితో ఆగితే బాగుండేది. సాయంత్రానికి అందరూ చదివారు. పెసరట్లు వేశారు, తింటూ కూర్చున్నాం. మామగారు, "ఏం నాన్నా, చదువుకున్నవాడివి, నువ్వు చెప్పు. నిర్మల చేసింది సబబేనా?" అన్నారు. నేను గొంతు పెంచి, "సబబేనండి. పడవెక్కి వెళ్ళిపోవడమే మంచిది. ఆత్మాభిమానం ఉన్న ఏ ఆడదైనా అంతే చేస్తుంది" అని ఉపన్యాసం ఇచ్చాను.

చట్నీ గిన్నె అందుకుంటున్న అత్తగారి చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏ పడవ తమ్ముడూ? ఆ పిల్ల పడవ కదలకముందే దిగి ఇంటికి తిరిగొచ్చేసిందిగా!" అన్నాడు మా తోడల్లుడు. చివరి పేజీలో ఉందట. ఇంకేముంది, పగలబడి నవ్వాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నా పేరు పడవల్లుడు. మామగారు నవ్వలేదు. అదే ఎక్కువ బాధ. లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయారు.

గదిలో రాజ్యం అటు తిరిగి కూర్చుంది. "నెమ్మదిగా చదువుతానని చెబితే ఎవరన్నా కొడతారా? అబద్ధం ఎందుకాడారు? ఇప్పుడు నెల్లాళ్ళు నేనిక్కడ ఆ మాటలు పడాలి" అంది. నేను మర్నాడు మొదటి బండికే బాపట్ల వచ్చేశాను.

ఆ ఆషాఢమంతా ఏం చేశాననుకున్నావు? అద్దె పుస్తకాల కొట్లో చేరి, రోజుకో నవల పట్టుకున్నాను. వేగం నేర్చుకోవడానికి! పెదాలు కదలకుండా నోట్లో వక్క పెట్టుకునేవాణ్ణి. వక్కలు అయిపోయాయి గానీ, ఒక్క కథ గుర్తులేదు. అన్నంలో ఉప్పుందో లేదో తెలియకుండా మింగినట్టు. అయినా శ్రావణంలో వెళ్ళి వాళ్ళ ముందు అరగంటలో పత్రిక ముగించాను. మామగారు "భేష్" అన్నారు.

ఆ రోజు రాజ్యం నన్ను పక్కకి పిలిచి, "నిర్మల వాళ్ళమ్మ ఏం మాట అంది ఈ వారం?" అని అడిగింది. చెప్పలేకపోయాను. "నేనూ మింగేస్తాను, మా ఇంటి అలవాటది. నాకూ ఏమీ మిగలదు. ఆవేళ మీరు చదివిన ముక్క, ఆ కాలి బురద, ఎంత బాగా చెప్పారు నాకు రిక్షాలో! ఇద్దరం మింగితే ఇక చెప్పేదెవరు?" అంది. అంటే, రిక్షాలో కాదులే, మర్నాడు నన్ను సాగనంపడానికి స్టేషన్‌కి నడిచేటప్పుడు. ఆవిడ కోపంగా ఉన్నా నేనేదో వాగాను, విన్నది.

తర్వాత బాపట్లలో మా పద్ధతి అదే. ఆవిడ ముందు గబగబా చదివేసేది, నేను వారమంతా చదివి చెప్పేవాణ్ణి. తెనాలి వెళ్తే మాత్రం వేగంగా తిప్పేవాణ్ణి. ఎనిమిదేళ్ళు ఆ నాటకం. మామగారు నమ్మారనే అనుకున్నాను.

డెబ్బై ఆరులో ఆయన పోయారు. పెద్దకర్మ అయ్యాక అత్తగారు అందర్నీ కూర్చోబెట్టి ఆయన చెప్పిన మాటలు చెప్పారు. "బీరువాలో పుస్తకాలన్నీ పెద్దల్లుడికి. ఆయనైతే అన్నీ చదువుతాడన్నారు. నిర్మల కథ మాత్రం చిన్నల్లుడికి. ఆయనకి ఒక్కటి చాలు, నిదానంగా చదువుకుంటాడు అన్నారు." తోడల్లుడు నవ్వబోయి, ఎందుకో మానుకున్నాడు. నేను తలెత్తలేకపోయాను. మామగారికి అన్నీ తెలుసు. అన్నేళ్ళూ నేను పేజీలు తిప్పుతుంటే చూస్తూ ఊరుకున్నారు.

ఇదిగో, అదే ఈ పుస్తకం. ఆయన కుట్టించిన దారమే ఇంకా.

బ్యాగులో పెట్టుకుని బయల్దేరుతుంటే గోడ మీదనుంచి సుభద్రమ్మగారు పిలిచారు. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. "బాబూ, ఆ నిర్మల కథ నాకు మధ్యలో రెండు వారాలు అందలేదు. అప్పుడు జ్వరం. ఒక్కసారి ఇస్తావా, చూసి ఇచ్చేస్తాను" అన్నారు. నేను, "తప్పకుండానండి, నేనొకసారి చదివి ఇస్తాను" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో! వేగంగా చదివినట్టు నటించినందుకు సిగ్గుపడ్డాను, నెమ్మదిగా చదవడానికీ సిగ్గుపడ్డాను గానీ, ఆ మాట అన్నప్పుడు మాత్రం సిగ్గేయలేదు. నా చదువు నాది అనుకున్నాను. నేను ఎంత నిదానిస్తే గోడవతల ఆవిడ అంతసేపు నిలబడాలని, ఆ మొదటిరోజు వానలో చూసి కూడా, తట్టలేదు.

పూర్తిచేసి పట్టుకెళ్ళేసరికి ఆ ఇంటికి తాళం. కొడుకు దగ్గరికి చేబ్రోలు వెళ్ళారని ఒకరన్నారు, కాదు, పోయారని ఒకరన్నారు. గోడ దగ్గర కాసేపు నిలబడి వచ్చేశాను.

సరేలే. నువ్వు వినుకో, నీ స్పీడులో నువ్వు హాయిగా వినుకో తల్లీ, చల్లగా ఉండు. నీ చేతిలోది ఎవరన్నా అడిగితే మాత్రం, మధ్యలో ఉన్నా ఇచ్చెయ్యి.

ఇంతకీ ఎవరికేం వచ్చిందంటావా? కొల్లూరు లంక పొలం పెద్దమ్మాయికి వచ్చింది. పిట్టలవానిపాలెం మాగాణి మీ నాయనమ్మకి, అదే మీ నాన్న చదువైంది. ఇల్లు అత్తగారికి. బీరువా రేపల్లె వెళ్ళి మిల్లు మేడ మీద చెదలుపట్టింది. నిర్మల నాకొచ్చింది.

సుభద్రమ్మగారికి ఏమీ రాలేదు.