గోడ కింద గులాబీ రంగు

నదిలోకి దిగే మెట్ల మీద ఇద్దరే ఉన్నారు: అద్దకం షెడ్డు నడిపే వదిన, వాళ్ళింటికి అవతలి షెడ్డులో ఇనప సామానుకి నికెల్ పూత వేసే మరిది. కోపం వస్తే వదిన గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ సంగతి మరిదికి చిన్నప్పటి నుంచీ తెలుసు.

"మళ్ళీ చెప్పు. ఏమిటన్నావు?"

"ఎర్రమట్టి అయ్యుంటుంది వదినా. ఎగువన వాన పడిందేమో."

"ఎర్రమట్టి అయితే నా గోడ కింద నీళ్ళు ఇలా గులాబీ రంగులో ఉంటాయా అబ్బాయ్? ముప్పై ఏళ్ళుగా రంగుల్లో చేతులు ముంచుతున్నదాన్ని, నాకా చెబుతున్నావు?"

"అంటే... ఎండకి అలా కనబడుతోందేమోనని."

"గట్టు మీది ఏడు షెడ్లకీ ఏడు రంగులు నేనే కలిపి ఇచ్చాను. సబ్బులాయనకి పసుపు, తోళ్ళాయనకి ఊదా. నీకేం ఇచ్చాను?"

"గుర్తులేదు."

"నిన్న సాయంత్రం ఇచ్చింది ఇవాళ గుర్తులేదూ!"

"గులాబీ."

"ఆఁ. ఎవరి తూములో వాళ్ళు పోయాలి. నీళ్ళన్నీ శుద్ధి తొట్టికే వెళ్తుంటే నదిలో ఏ రంగూ తేలకూడదు. అంతేగా పరీక్ష?"

"అంతే. పోశాను కూడా. అందరూ చూశారు."

"చూశారు, ముందు తూములో పోయడం. నువ్వు టీకి వెళ్ళాక మిగిలిన సగం డబ్బా వెనక తూములో నేను పోశాను."

"వెనక తూమా? అది ఎండిపోయి ఏళ్ళయింది వదినా!"

"ఎండిపోయిన తూము మీద చెక్కెందుకు? చెక్క మీద బస్తాలెందుకు? చెక్క కింద తడెందుకు?"

"నన్నడక్కుండా నా షెడ్డులోకి నువ్వెలా..."

"నీళ్ళు నమలకు. అడిగినదానికి చెప్పు."

"ఆ మాటలు ఇక్కడ వద్దు. ఎవరైనా వింటారు."

"వింటే విననీ! గట్టు పొడుగునా అందరం కలిసి నాటిన రెల్లు ఏపుగా ఉంది. నా గోడ కింద నాటిందే మూడుసార్లు మాడింది. మూడుసార్లూ అందరూ నా మొహమే చూశారు. నువ్వూ చూశావు."

"నేను నిన్నొక్క మాట అనలేదు వదినా."

"అనలేదు. నల్ల రంగు కొన్నాళ్ళు ఆపి చూడమన్నావు, ఆపాను. నీలం కూడా ఆపాను. ఆరుగురు పనివాళ్ళని ఇంటికి పంపాను. వాళ్ళిప్పుడు బజార్లో నన్ను చూస్తే మొహం తిప్పుకుంటున్నారు."

"ఇంతదాకా వస్తుందని నేను..."

"ఇవాళ అయిదింటికి షెడ్లవాళ్ళ మీటింగు. నా అద్దకం మూయించాలా వద్దా అని చేతులెత్తుతారు. నువ్వు ఎత్తేవాడివేనా?"

"అందరూ ఎత్తితే నేనొక్కణ్ణే ఎలా..."

"ఎత్తేవాడివే!"

"వదినా..."

"ఈ నది బాగుపడాలని షెడ్డు షెడ్డుకీ తిరిగి బతిమాలింది నేను. నదిలోకి నీళ్ళు వదలనని అందరికంటే ముందు సంతకం పెట్టింది నువ్వు. వదిన మాటే నా మాట అన్నావు. నేను కాపురానికి వచ్చేనాటికి నిక్కరేసుకుని నా వెనకే తిరిగేవాడివి. నిన్ను నమ్మకపోతే ఇంకెవర్ని నమ్ముతాను? నవ్వుతూ గొంతు కోశావు కదా."

"పని పెరిగింది. పూత నీళ్ళన్నీ తొట్టిలో పట్టడం లేదు. ఒక్క వేసవే కదా అనుకున్నాను."

"మరి నీ షెడ్డు అక్కడ, నా గోడ ఇక్కడ. మధ్యలో మా ఇల్లుంది. గొట్టం ఎగిరొచ్చిందా?"

"అది ఇప్పుడెందుకులే."

"సరే, మీ అన్నయ్య ముందు చెబుదువుగాని పద. మీటింగులో నా పక్కన నిలబడే మనిషి ఆయనొక్కడే. పొద్దున కూడా, నేనున్నాను కంగారు పడకు అన్నాడు."

"అన్నయ్య దగ్గరికి వద్దు."

"ఏం? చెంప పగలగొడతాడనా?"

"కొడితే బాగుండు."

"ఏమిటా గొణుగుడు? పద. నువ్వొక్కడివే చేశావని ఆయన ముందు ఒప్పుకో."

"అంతా నా నెత్తినే వేయకు వదినా. మీ పెరడు నేనొక్కణ్ణీ ఎలా తవ్వుతాను?"

"మా పెరడా?"

"నువ్వు మీ చెల్లెలి పురిటికి వెళ్ళిన వారం. అన్నయ్యా నేనూ కలిసే తవ్వాం."

"కాదు. నేను తడిలో జారిపడుతున్నానని ఆయన పెరడంతా సిమెంటు చేయించాడు. నా కోసం."

"దాని కిందే ఉంది గొట్టం."

"ఎందుకు?"

"నీ షెడ్డు ఖాళీ అయితే పూత పని అందులోకి మార్చుదామన్నాడు. మీ నాన్న ఇచ్చిన షెడ్డు కదా, తను అడిగితే నువ్వు వదలవు, నలుగురూ మూయమంటేనే మూస్తావు అన్నాడు. మీటింగు పెట్టమన్నది కూడా అన్నయ్యే."

"మీ అన్నయ్యేనా?"

"తిట్టు వదినా. అలా చేతులు చూసుకుంటూ కూర్చోకు."

"సిమెంటు ఇంకా పచ్చిగా ఉంది, గట్టిపడేదాకా తడుపు అన్నాడు అబ్బాయ్. పది రోజులు, రెండు పూటలా, దాని మీద నేనే నీళ్ళు పోశాను."