బాల్కనీ తలుపులు నేనే వేశాను

ఎస్సై గారూ, నా పేరు మీరు పైన రాసుకున్నారు. యూనివర్సిటీలో అందరూ నన్ను తాళాలక్క అంటారు. వయసు యాభై ఏడు. ఉపన్యాసాల హాలులో ఇరవై ఆరేళ్లుగా అటెండరును. ఈ మాటలు ఎవరూ నాతో చెప్పించడం లేదు.

నిన్న సాయంత్రం నాలుగింటికి ఆ హాలులో బయటి నుంచి వచ్చిన ప్రొఫెసరు గారి ఉపన్యాసం ఉంది. కట్టడాలు ఎందుకు కూలుతాయన్నది ఆయన చదువు. మేము ఆయన్ని పెద్దాయన అన్నాం. మైకు చూసుకోవడానికి పదకొండింటికే వచ్చారు. మైకు చూడలేదు. బాల్కనీకేసి చూస్తూ ఉండిపోయారు.

"ఈ పగులు ఎప్పటిదమ్మా?" అని అడిగారు.

"వానలకు ముందు లేదండీ," అన్నాను.

పైకెక్కి, బాల్కనీ గోడను కలిసే చోట, పగులుకు అడ్డంగా సన్నటి కాగితం ముక్క జిగురుతో అంటించారు. అది చిరిగితే పగులు కదులుతున్నట్టేనన్నారు. అప్పుడు పదకొండూ ఇరవై. రెండింటికి నేను వెళ్లి చూశాను. కాగితం మధ్యకు చిరిగి ఉంది. ఆయన్ని పిలిచాను. చూశారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు.

ఇద్దరం రిజిస్ట్రారు గారి గదికి వెళ్లాం. "సార్, మీరు ఉపన్యాసానికి వచ్చారు, ఉపన్యాసం ఇవ్వండి. బిల్డింగు సంగతి మా ఇంజినీరు చూసుకుంటాడు," అన్నారాయన. ఇంజినీరు సెలవులో ఉన్నాడని నేను చెప్పాను. "నువ్వు తాళాల సంగతి చూసుకో," అన్నారు.

చూసుకున్నాను. మూడున్నరకు బాల్కనీ రెండు తలుపులకూ తాళాలు వేశాను. దాని కింద ఉన్న ఐదు వరసల కుర్చీల చుట్టూ తాడు కట్టాను. వచ్చి బాల్కనీ మెట్ల మీద కూర్చున్నాను.

పిల్లలు వంద మందికి పైగా ఎగబడ్డారు. మా అన్నయ్య కూతురు అక్కడే చదువుతోంది. "అత్తా, నన్నొక్కదాన్ని పోనీవా? కింద నిలబడ్డానికి కూడా చోటు లేదు," అంది. "నిన్ను అసలే పోనివ్వను," అన్నాను. ముఖం మాడ్చుకుని వెళ్లిపోయింది.

మూడూ యాభైకి రిజిస్ట్రారు గారు వచ్చి తలుపులు తెరవమన్నారు. తెరవనన్నాను. "మూడేళ్లలో రిటైరవుతావు. ఎందుకొచ్చిన గొడవ?" అన్నారు. తెరవనన్నాను. నా నడుముకున్న తాళాల గుత్తి మీద చెయ్యి వేశారు. తోశాను. రెండు మెట్లు జారి కూలబడ్డారు. లేచి, పోలీసు కేసు పెడతానంటూ వెళ్లిపోయారు. తోసిన మాట నిజం. రెండు చేతులతో తోశాను.

నాలుగూ నలభైకి, ఉపన్యాసం మధ్యలో, బాల్కనీ అడుగు నుంచి మంచమంత పెచ్చు ఊడి తాడు లోపలి కుర్చీల మీద పడింది. ఏడు కుర్చీలు విరిగాయి. మనుషుల్లో ఒక్కరికీ గీత కూడా పడలేదు. "తోసుకోకండి, తలుపుకు దగ్గరున్నవాళ్లు ముందు," అని పెద్దాయన మైకులో నెమ్మదిగా చెబుతూ అందరినీ బయటికి పంపించి, ఆఖరున తాను వచ్చారు. మిగతా ఉపన్యాసం ఆరుబయట, మైకు లేకుండా చెప్పారు. అది పూర్తయ్యేదాకా మా అన్నయ్య కూతురు నా చెయ్యి వదల్లేదు.

ఈ ఉదయం ఎనిమిదింటికి రిజిస్ట్రారు గారి గుమాస్తా మా ఇంటికి వచ్చాడు. "తలుపులు సారే వేయించారని ఒక్క ముక్క రాసియ్యక్కా. తోసిన కేసు వెనక్కి తీసుకుంటారు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?" అన్నాడు.

"ఆయనే వేయించారంటే పెద్దాయన మాట ఆయన విన్నట్టే కదా నాయనా. వినలేదుగా," అన్నాను.

రాయలేదు. రాయను కూడా. ఆడపిల్లల హాస్టలు రెండో అంతస్తులో, మెట్ల పక్క గోడకు ఇలాంటి పగుళ్లే మూడున్నాయి. వినే మనిషే ఉన్నాడని కాగితం మీద పడితే, ఆ గోడ సంగతి ఇక ఎవరూ అడగరు. నా ఉద్యోగం పోతే పోనీ. రెండో అంతస్తు, మెట్ల పక్క గోడ. ఈ ముక్క తప్పకుండా రాయండి.

పైనదంతా నాకు చదివి వినిపించారు. ఒకచోట "భయపడి తలుపులు వేశాను" అని ఉంది. కొట్టేయించాను. భయపడి కాదు, చూసి వేశాను. మిగతాది నేను చెప్పినది చెప్పినట్టే ఉంది, అంతా నిజం. కింద సంతకం నాదే.

(సంతకం)