ఉర్బానా మొదటి చావు

ఏ ఇల్లూ? రేవు పక్కన, ఆ రేకులు ఊడిపోయిన ఇల్లా? అది ఉర్బానాది రా. నువ్వెరగవులే, మీ అమ్మ అప్పటికి చంకలో పిల్ల. చాపలల్లేది ఉర్బానా. పెళ్ళీ పెటాకులూ లేవు, నోరు మాత్రం పెద్దది. పక్కింట్లో పడవ నడిపే అంతేరో ఉండేవాడు. వాడి కూతురు లిగాయా గ్రహణం మొర్రితో పుట్టింది. పాలు పడితే సగం ముక్కులోంచి వచ్చేసేవి, పిల్ల ఎండిపోయి పుల్లలా అయింది. పట్నానికి పరదేశం డాక్టర్లు వస్తున్నారు, ఆపరేషన్ ఉచితం అన్నారు ఫాదరు గారు. ఉచితమే, కాదన్లేదు. మరి ఓడెక్కేదెలా, కుట్లు మానేదాకా అక్కడ తినేదేమిటి? పైగా ఆ ఏడు తుఫాను పడవలన్నీ పట్టుకుపోయింది కదా, మా పిన్ని మొగుడి పడవైతే కొబ్బరిచెట్టు మీద దొరికింది, అదో కథ... ఆఁ, ఏమంటున్నా? చర్చిలో పిల్ల కోసం బుట్ట తిప్పితే వెళ్ళింది వెళ్ళినట్టే తిరిగొచ్చింది.

అప్పుడొచ్చింది ఉర్బానా నా కొట్టుకి. అప్పట్లో శవప్పెట్టెలు నేనే చేసేవాణ్ణి. పెట్టె అద్దెకి కావాలంది. ఎవరు పోయారే అన్నా. "నేనే. ఈ ఊళ్ళో బతికున్న పిల్లకి చెయ్యి రాదు. శవం ముందు పళ్ళెంలో మాత్రం డబ్బులు వెయ్యకుండా ఎవరూ వెళ్ళరు" అంది. వేళాకోళం అనుకున్నా. తెల్లారేసరికి తెల్లగౌను వేసుకుని పెట్టెలో పడుకుంది. మీద అద్దం మూత, ఊపిరాడ్డానికి ఓ పక్క కాస్త ఎత్తిపెట్టా. ఊరు ఊరంతా వచ్చింది. శవజాగారానికి ఉండేవే, అల్లం నీళ్ళు, బిస్కెట్లు, పేకాట, గెలిచినవాడు శవానికి వాటా తియ్యడం, అంతా పద్ధతిగానే. మధ్యలో లేచి పెరట్లోకి వెళ్ళొచ్చేది. "శవానికి పని పడింది, తప్పుకోండ్రా" అని ఒకటే నవ్వులు.

ఆ నవ్వులు ఎప్పుడాగాయో నాకు తెలీదు. సంగతి తెలీని పైఊళ్ళవాళ్ళు వచ్చి నిజంగానే ఏడ్చారు. వాళ్ళని చూసి మనవాళ్ళూ మొదలెట్టారు. తను లేవడం మానేసింది. అప్పటిదాకా అద్దం మీద ఊపిరి ఆవిరి కనపడేది, అదీ పోయింది. మీ ముత్తవ్వ వంగి "ఉర్బానా, మంచినీళ్ళు తాగుతావా?" అనడిగింది. ఉలుకూ లేదు పలుకూ లేదు. పళ్ళెం మాత్రం నిండింది.

పిల్లని తీసుకుని ఓడ కదిలింది, కూత వినపడింది. అప్పుడు లేచి కూచుంది రా. మొహం మైనంలా ఉంది. "ఆకలేస్తోంది, కాస్త గంజి పొయ్యండి" అంది. ఇంటినిండా జనం. గిన్నె అందుకున్నవాళ్ళు లేరు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. బతికింది అంటే... కొట్టువాడు ఉప్పు చేతికివ్వక గోడ మీద పెట్టేవాడు. ఎదురుపడితే జనం శిలువ గీసుకునేవాళ్ళు. పిలిస్తే పలికేవాళ్ళు కాదు, చచ్చినవాళ్ళు పిలిస్తే పలక్కూడదు కదా. దాని చాపల మీద పడుకునేదెవరు? లిగాయా ఒక్కతే, పెదవి కుట్టించుకొచ్చిన ఆ పిల్ల, ఆ ఇంటికెళ్ళి తినేది, అక్కడే మాటలు నేర్చుకుంది. వెళ్ళినందుకు తల్లి కొట్టేది కూడా. "నాతో బాగానే మాట్లాడుతుందమ్మా, చేతులే చల్లగా ఉంటాయి" అనేదట పిల్ల.

నిజంగా పోయిననాడు లిగాయా ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. అప్పటికి ఎదిగిన పిల్ల. "ఒకసారి వచ్చాం కదమ్మా" అన్నారు అందరూ, తలుపులు వేసుకుంటూ. నేను పెట్టె దింపడానికి వెళ్ళా. పట్టపగలు. ఇంట్లో జపమాల చదువుతోంది పిల్ల, ఎంత స్పష్టంగా చదువుతోందో, ఒక్క అక్షరం జారలేదు. ఒకరు చదివితే ఇంకొకరు అందుకోవాలి కదా. అందుకుంటున్నారు. ముసలి గొంతు. నేను తలుపు తోసి చూస్తే లోపల పిల్ల ఒక్కతే, మంచం మీద ఉర్బానా...

ఆ ఎండేసిన చేపలు లోపల పెట్టు, వాన పడేట్టుంది.